డాష్‌హండ్‌ని తెచ్చుకున్నారా? అయితే ముందు దాని వెన్ను సంగతి చూడండి

విజయవాడ ఫ్లాట్లలో పొట్టి కాళ్లు, పొడవాటి ఒళ్లు ఉండే డాష్‌హండ్ కుక్కలు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. ఎందుకో అర్థమవుతూనే ఉంది. ఇంట్లో పట్టే సైజు, గొంతు మాత్రం పెద్ద కుక్కది, పిల్లల వెనకాలే తిరుగుతుంది, నున్నటి బొచ్చుదైతే దువ్వే పని కూడా పెద్దగా ఉండదు. ఇవన్నీ నిజమే. కానీ పక్కింటివాళ్లు లాబ్రడార్‌ని పెంచినట్టో, మన చిన్నప్పుడు పొమరేనియన్‌ని పెంచినట్టో దీన్ని పెంచితే కుదరదు. దీని ఒళ్లే వేరు. ఆ ఒంటికి తగ్గట్టు ఇల్లు కాస్త మారాలి, తిండి పెట్టే చెయ్యి మారాలి, ఎత్తుకునే పద్ధతి మారాలి. జాగ్రత్తగా చూసుకుంటే 12 నుంచి 16 ఏళ్లు బతికే జాతి ఇది, అన్నేళ్లూ అది నొప్పి లేకుండా నడవాలన్నదే మన లక్ష్యం.

ఇది జర్మనీలో తయారైన వేటకుక్క. నేల బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువుని లోపలికి దూరి పట్టుకోవడానికి పెంచారు. బొరియలో దూరాలి కాబట్టి పొట్టి కాళ్లు, మట్టి తవ్వాలి కాబట్టి బలమైన ముందు కాళ్లు, భూమిలోపల ఉన్నా పైనున్న యజమానికి వినపడాలి కాబట్టి ఆ గొంతు. మీ కుక్క పూలకుండీలు తవ్వినా, కాలింగ్ బెల్ మోగగానే ఇల్లెగరగొట్టినా అది చెడ్డ బుద్ధి కాదు, దాని ఉద్యోగం అదే మరి.

చిక్కంతా ఆ పొట్టి కాళ్లతోనే వచ్చింది. కాళ్లు పొట్టి కావడానికి కారణమైన జన్యు మార్పుల్లో ఒకటి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులని కూడా చిన్న వయసులోనే పాడు చేస్తుంది. మామూలుగా డిస్కు లోపల మెత్తటి జిగురులాంటి పదార్థం ఉంటుంది, అదే షాక్ తట్టుకునేది. డాష్‌హండ్‌కి ఏడాది, రెండేళ్ల వయసుకే అది ఎండి గట్టిపడటం మొదలవుతుంది. ఒకరోజు సోఫా మీద నుంచి దూకినప్పుడో, అసలేమీ చెయ్యకుండా ఊరికే పక్కకి తిరిగినప్పుడో, బూరె పగిలి పూర్ణం బయటికొచ్చినట్టు ఆ గట్టిపడినది బయటికి తన్నుకొచ్చి వెన్నుపాము మీద పడుతుంది. అప్పుడు నొప్పి, ఇంకా ముదిరితే వెనక కాళ్లు పడిపోవడం. ప్రతి నాలుగైదు డాష్‌హండ్లలో ఒకదానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుంది, ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య. పుట్టుకతో వచ్చే గుణం కాబట్టి పూర్తిగా ఆపలేం. కానీ దెబ్బ మీద దెబ్బ పడకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

ఇంట్లో ముందు మార్చాల్సింది నేల

మన ఊళ్లో కొత్త ఇళ్లన్నీ నున్నటి టైల్సు, కాకపోతే గ్రానైటు. మనకి తుడుచుకోవడానికి బాగుంటుంది, డాష్‌హండ్‌కి అది ఐసు మీద నడకే. పరుగెత్తుకొచ్చి మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం ఒక పక్కకి జారిపోవడం గమనించే ఉంటారు. ముద్దుగా ఉంటుందని వీడియో తీస్తాం, కానీ ప్రతిసారీ ఆ మెలి వెన్ను మీదే పడుతుంది. అది ఎక్కువగా తిరిగే దారి ఎక్కడో రెండు రోజులు గమనించండి: మెయిన్ డోర్ నుంచి హాలు, హాలు నుంచి వంటిల్లు, బాల్కనీ దగ్గర. ఆ దారి పొడవునా కింద రబ్బరు పట్టు ఉన్న పట్టాలు, పాత యోగా మ్యాట్లు, ఏవైనా సరే పరిచెయ్యండి. అడుగున పట్టు లేని పల్చటి కార్పెట్టు వద్దు, అది టైల్సు కంటే ప్రమాదం.

తర్వాత సోఫా, మంచం. "దూకొద్దు" అని నేర్పిస్తే సరిపోతుందనుకోకండి, మనం ఇంట్లో లేనప్పుడు దూకుతుంది. రెండే దారులు. ఒకటి, పుట్టినప్పటి నుంచీ సోఫా మంచం ఎక్కనివ్వకుండా కిందే మంచి పరుపు వెయ్యడం. రెండు, ర్యాంపు పెట్టడం. పెట్ షాపుల్లో దొరికే చిన్న మెట్లకంటే ర్యాంపు నయం. వడ్రంగికి చెబితే ప్లైవుడ్డు ముక్కతో చేసిచ్చేస్తాడు. సోఫా ఎత్తు ఒకటిన్నర అడుగు ఉంటే పలక కనీసం నాలుగున్నర అడుగుల పొడవుండాలి, అంతకన్నా తక్కువైతే ఏటవాలు ఎక్కువైపోయి అది ఎక్కదు. పైన పాత కాయిర్ మ్యాట్ గానీ, మందపాటి గుడ్డ గానీ అంటించండి. నేర్పడానికి ఓపికుండాలి, మొదట్లో ర్యాంపు నేల మీదే పరిచి దాని మీద నడిపించి ఒక్కో డాగ్‌ఫుడ్ గింజ పెడుతూ రండి, తర్వాత కొంచెం కొంచెంగా ఎత్తు పెంచండి.

ఇండిపెండెంట్ ఇల్లయితే డాబా మెట్లకి అడ్డంగా చిన్న గేటు పెట్టించండి. ఒకటో రెండో మెట్లు పర్వాలేదు, రోజూ మూడంతస్తులు ఎక్కి దిగడం మాత్రం వద్దు. కృష్ణ ఒడ్డుకి వాకింగ్‌కి తీసుకెళ్లేవాళ్లు ఘాట్ మెట్లు దించకండి, పైన చదునుగా ఉన్నచోటే తిప్పండి.

స్కూటీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే బందరు రోడ్డు మీద రోజూ చూస్తుంటాను. కాళ్ల దగ్గర కుక్కని నిలబెట్టుకుని వెళ్లిపోతుంటారు. పిల్లి అడ్డమొస్తే చాలు అది దూకేస్తుంది. హాస్పిటల్‌కి తీసుకెళ్లాలంటే ఆటో మాట్లాడుకోండి, లేకపోతే గట్టి బాస్కెట్‌లో పెట్టి వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవాలి.

ఎత్తుకోవడం పిల్లలకి కూడా నేర్పండి

ముందు కాళ్ల చంకల్లో చేతులు పెట్టి పైకి లేపితే కింద పొడవాటి వెన్ను వేలాడుతుంది. డాష్‌హండ్‌ని అలా ఎప్పుడూ ఎత్తకూడదు. కుడిచెయ్యి ఛాతీ కింద, ముందు కాళ్ల మధ్య నుంచి పెట్టండి. ఎడమచెయ్యి వెనక కాళ్ల కింద, పిరుదుల దగ్గర. రెండూ ఒకేసారి లేపి వెంటనే మన పొట్టకి ఆనించుకోవాలి. ఆ సమయంలో దాని వెన్ను నేలకి సమాంతరంగా, బల్ల మీద పడుకున్నట్టు ఉండాలి. దించేటప్పుడు నాలుగు కాళ్లూ నేలకి తగిలేదాకా చేతులు తియ్యొద్దు, అడుగు ఎత్తులో ఉండగానే చేతిలోంచి గెంతే అలవాటు దీనికి బాగా ఉంది. ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలు ఎత్తుకుంటామంటే కింద కూర్చోబెట్టి వాళ్ల ఒళ్లో పెట్టండి.

మెడకి బెల్టు ఉంటే ఉండనివ్వండి, తాడు మాత్రం హార్నెస్‌కే, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీకే కట్టాలి. వాకింగ్‌లో వీధికుక్కలు మీదికొచ్చినప్పుడు కంగారులో తాడుతో పైకి లాగేస్తాం. అలా వద్దు, వంగి రెండు చేతులతో తీసుకోండి. గుంటూరు బ్రాడీపేట సందుల్లాంటి చోట్ల ఉండేవాళ్లకి ఇది రోజూ ఉండే పనే కాబట్టి ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడే ఆ ఎత్తడం చేతికి అలవాటు చేసుకోండి.

బరువు, అంటే ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడటం

వెన్ను తర్వాత రెండో మాట బరువు. నిజానికి రెండూ ఒకటే. పొట్టి కాళ్ల మీద పొడవాటి ఒళ్లు, ఆ మధ్యలో కిలో కొవ్వు పెరిగితే ఆ కిలో మొత్తం వెన్నుకే బరువు. స్టాండర్డ్ సైజు డాష్‌హండ్ సుమారు 7 నుంచి 14 కిలోలు, మినియేచర్ 5 కిలోల లోపు. మన దగ్గర కాగితాలు లేకుండా కొన్నవి ఎక్కువగా రెండింటి మధ్యలో ఉంటాయి, అందుకే కాటా కంటే చేతిని నమ్మండి. అరచేతులు రెండు పక్కలా పెట్టి మెల్లగా వేళ్లు జరపండి. నొక్కకుండానే పక్కటెముకలు ఒక్కొక్కటీ వేళ్లకి తెలియాలి. పైనుంచి చూస్తే పక్కటెముకల తర్వాత నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి వెళ్లేకొద్దీ పైకి ఎక్కాలి. మొత్తం ఒకే లావుగా గొట్టంలా ఉంటే బరువు ఎక్కువైనట్టే, "ఈ జాతి ఇలాగే ఉంటుందండీ" అన్న మాట వినకండి.

లెక్క ఒకసారి చూడండి. 8 కిలోల పెద్ద కుక్క, ఫ్లాట్‌లో ఉండేది, రోజుకి సుమారు 450 నుంచి 530 క్యాలరీలు తింటే చాలు. ఒక గ్లూకోజ్ బిస్కెట్ 20 నుంచి 25 క్యాలరీలు. పొద్దున్న కాఫీతో నాన్న రెండు, సాయంత్రం టీతో అమ్మ రెండు పెడితే దాని రోజు తిండిలో ఐదో వంతు అయిపోయింది. తర్వాత మామూలు గిన్నె కూడా పెడతాం. మా ఇంట్లో ఈ సంభాషణ ఎన్నిసార్లు జరిగిందో. "అమ్మా, పెట్టకే." "ఒక్క ముక్కేగా రా, దాని మొహం చూడు ఎలా చూస్తోందో." పెద్దవాళ్లకి ప్రేమ చూపించడమంటే పెట్టడమే, వాళ్ల చెయ్యి ఆపమంటే బాధపడతారు. అందుకని ఆపమనకండి, పెట్టేది మార్చండి. కీరా ముక్కలు, ఉడికించిన క్యారెట్టు, ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు చిన్న డబ్బాలో వేసి వాళ్ల పక్కన పెట్టండి. రోజుకి ఆ డబ్బా అయిపోతే అయిపోయినట్టే. ఇది మా దగ్గర పనిచేసింది, ఇప్పుడు డబ్బా మూత చప్పుడు వింటేనే అది వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంటుంది.

డ్రై ఫుడ్ పెడితే కప్పుతో కాకుండా వంటింటి కాటా మీద గ్రాముల్లో తూయండి. రోజంతా గిన్నె నింపి ఉంచకండి, ఉదయం సాయంత్రం రెండుసార్లే. ఇంటి తిండి పెట్టేవాళ్లు ఎక్కువమంది పెరుగన్నమో పాలన్నమో పెడుతున్నారు, అది కడుపు నింపుతుంది గానీ మాంసకృత్తులు చాలవు. ఉడికించిన చికెన్, గుడ్డు, కొంచెం అన్నం, బీరకాయో గుమ్మడికాయో, ఉప్పు కారం లేకుండా. ఇంటి తిండి ఒక్కటే పెట్టేటట్టయితే కాల్షియం ఎంత కలపాలో డాక్టరుని అడిగి తీరాలి, ఎముకలు తీసిన మాంసం, అన్నం మీద మాత్రమే పెరిగే పిల్లకి ఎముకలు బలహీనపడతాయి.

పెట్టకూడనివి: ఉల్లిపాయ, వెల్లుల్లి (పచ్చివైనా, ఉడికినవైనా, కూరలో కరిగిపోయినవైనా రక్తం పాడు చేస్తాయి, కాబట్టి మన పులుసు కలిపిన అన్నం వద్దు), ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్-ఫ్రీ చూయింగ్ గమ్‌లు, ఉడికిన చికెన్ ఎముకలు. పరమాన్నంలో, పులిహోరతో ఇచ్చిన ప్రసాదాల్లో కిస్‌మిస్ ఉంటుందని చాలామందికి గుర్తురాదు. ఇంకోటి, నూజివీడు, నున్న మామిడి ఇంటికొచ్చే ఏప్రిల్, మే నెలల్లో టెంక కింద పడేయకండి. ఆ వాసనకి డాష్‌హండ్ ఆగదు, మింగేస్తే పేగులో అడ్డంపడి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది. డాబా మీద మిరపకాయలు ఆరబోసే రోజుల్లో అటు పోనివ్వకండి, ముక్కు నేలకి ఆనించి నడిచే కుక్క కాబట్టి ఆ ఘాటంతా ముక్కులోకీ కళ్లలోకీ పోతుంది.

నడుం నొప్పి మొదలైతే

ఈ భాగం ఇంట్లో అందరూ చదవాలి, ఎందుకంటే అది జరిగే రోజు మీరు ఊళ్లో ఉండకపోవచ్చు.

మొదటి గుర్తులు చిన్నవిగానే ఉంటాయి. వీపు గూనిలా వంచి నిలబడుతుంది. వణుకుతుంది, మనం చలేమో అనుకుంటాం. ఎత్తుకోబోతే కేకేస్తుంది, రోజూ ఎక్కే ర్యాంపు దగ్గర ఆగిపోతుంది, తల కిందికి దించి గిన్నెలో తినడానికి ఇబ్బందిపడుతుంది, ఓ మూల దూరి పలకదు. పొట్ట గట్టిగా బిగించుకుంటుంది కాబట్టి చాలామంది కడుపునొప్పి అనుకుని గ్యాస్ మందు వేస్తారు. తర్వాతి దశలో వెనక కాళ్లు తూలుతాయి, గోళ్లు నేలకి రాసుకుంటూ నడుస్తుంది. అనుమానం వస్తే ఇలా చూడండి: దాన్ని నిలబెట్టి, ఒక చెయ్యి పొట్ట కింద ఆసరాగా ఉంచి, వెనక పాదాన్ని మెల్లగా మడిచి పాదం పైభాగం నేలకి తగిలేలా పెట్టండి. బాగున్న కుక్క వెంటనే పాదం తిప్పి సరిగ్గా పెట్టుకుంటుంది. ఆలస్యం చేసినా, అలాగే వదిలేసినా నరాలకి దెబ్బ తగిలినట్టే, ఆ రోజే డాక్టరు చూడాలి. కాళ్లు పూర్తిగా కదలకపోతే గంటలు లెక్కపెట్టుకోవాలి, రేపు పొద్దున చూద్దాం అనకూడదు. కాలి వేళ్లు గట్టిగా నొక్కినా నొప్పి తెలియని దశకి వస్తే ఆపరేషన్ చేసినా సుమారు సగం కుక్కలే మళ్లీ నడుస్తాయి, నొప్పి ఇంకా తెలుస్తున్నప్పుడే చేస్తే చాలావరకు నడుస్తాయి. తేడా అంతా టైములోనే ఉంది.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు ముట్టుకోకండి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏవీ వద్దు, మనకి పనిచేసేవి దానికి లివర్‌నో కిడ్నీనో, పేగులనో పాడు చేస్తాయి. పైగా ముందే ఒక నొప్పిమందు వేసేస్తే, డాక్టరు స్టెరాయిడ్ ఇవ్వాలనుకున్నా రెండూ కలిపి ఇవ్వడానికి ఉండదు. వేడినీళ్ల కాపడం, మసాజు, జండూబామ్ రాయడం కూడా వద్దు.

తీసుకెళ్లేటప్పుడు ఒళ్లో వంచి కూర్చోబెట్టుకోకుండా, ఇస్త్రీ బల్ల పలకో, గట్టి అట్టో కింద పెట్టి దుప్పటితో చుట్టి, కదలకుండా తీసుకెళ్లండి. విజయవాడకి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడ ఆసుపత్రి కూడా ఉంది. మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గర ఒక విషయం ముందే అడిగి రాసిపెట్టుకోండి: వెన్ను ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపుతారు, స్కాన్ ఎక్కడ తీస్తారు, ఆదివారం రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి. కాళ్లు పడిపోయిన రాత్రి నెంబర్లు వెతుక్కునే పరిస్థితి రానివ్వకండి.

నడవగలుగుతూ నొప్పి మాత్రమే ఉంటే డాక్టర్లు ఎక్కువగా మందులతో పాటు పూర్తి విశ్రాంతి చెబుతారు, నాలుగు నుంచి ఆరు వారాలు. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మూడోరోజుకి మందుకి నొప్పి తగ్గి కుక్క తోక ఊపుతూ గెంతబోతుంది, పాపం బోనులో ఎందుకని వదిలేస్తారు. నొప్పి తగ్గింది అంతే, డిస్కు మానలేదు. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఆ గెంతుతో మిగతాది కూడా బయటికొస్తుంది. విశ్రాంతి అంటే నిలబడి తిరిగి పడుకోగలిగే సైజు బోను, అందులోంచి బయటికి మూత్రానికి మాత్రమే, అదీ ఎత్తుకుని తీసుకెళ్లి, పొట్ట కింద తువ్వాలు ఆసరా ఇచ్చి, పని కాగానే మళ్లీ లోపలికి. బోనుని జనం తిరిగే హాల్లోనే పెట్టండి, ఒంటరిగా గదిలో పెడితే అరిచి అరిచి ఇంకా ఒళ్లు మెలిపెట్టుకుంటుంది. వెనక భాగం పనిచెయ్యని కుక్క మూత్రం దానంతటది పొయ్యలేకపోవచ్చు, రోజుకి మూడు నాలుగుసార్లు మూత్రసంచిని ఎలా నొక్కి ఖాళీ చెయ్యాలో డాక్టరు దగ్గర చేత్తో చేసి చూపించమని నేర్చుకోండి. మళ్లీ నడకొచ్చిన కుక్కలని ఎన్నో చూశాను, ఓపికగా చేసినవాళ్ల ఇళ్లలో.

మన ఎండలు, మన వానలు

కుక్క చెమటతో చల్లబడదు, వగర్చడంతో చల్లబడుతుంది. విజయవాడలో ఎండకి తోడు ఉక్కపోత, గాలిలో తేమ ఎక్కువైతే ఆ వగర్పు పనిచెయ్యదు. పైగా డాష్‌హండ్ పొట్ట రోడ్డుకి బెత్తెడు ఎత్తులో ఉంటుంది, సిమెంటు రోడ్డు కక్కే వేడంతా పొట్టకే. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా పొద్దున్న ఆరులోపు, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే బయటికి తీసుకెళ్లండి. అరచేయి వెనక భాగాన్ని రోడ్డు మీద పెట్టి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాన్నీ నడిపించొద్దు. కరెంటు పోయే రోజుల్లో తడి గోనెసంచి మీద పడుకోనివ్వండి, ఉప్పు లేని పల్చటి మజ్జిగ కొంచెం పొయ్యండి. వడదెబ్బ తగిలితే నాలుక ఎర్రబడి, జొల్లు చిక్కగా కారి, తూలి పడిపోతుంది. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 105 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. కుళాయి నీళ్లు పొట్ట మీద, పాదాల మీద ధారగా పోస్తూ ఫ్యాన్ కింద పెట్టండి, ఐసు ముక్కలతో రుద్దొద్దు, తడిపి వెంటనే బయలుదేరండి.

వానాకాలంలో పెద్ద గొడవ పిడుదులు. వాటి వల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో కుక్కల్ని బాగా దెబ్బతీస్తుంది. తిండి మానెయ్యడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, పొట్ట మీద చిన్న ఎర్రటి చుక్కలు కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. వాకింగ్ నుంచి రాగానే కాలివేళ్ల మధ్య, చెవి మడతల లోపల, చంకల్లో, తోక కింద వేళ్లతో తడిమి చూసే అలవాటు చేసుకోండి. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. గోళ్లతో నలపొద్దు, కిరసనాయిలు పొయ్యొద్దు. నెలకోసారో మూడు నెలలకోసారో వేసే మాత్రలు దొరుకుతున్నాయి, బరువు చూసి డాక్టరు రాసినది వెయ్యండి. మూర్ఛ వచ్చే కుక్కయితే ఆ సంగతి ముందే చెప్పాలి.

నీళ్లు నిలిచిన చోట్ల ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, మనుషులకీ సోకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు కుక్కలున్న ఇళ్లవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో మర్చిపోలేం. దీనికి ఏటా వేసే టీకా ఉంది, డాష్‌హండ్ పందికొక్కుల వెంట పడే కుక్క కాబట్టి దీనికి మరీ అవసరం. ఎలుకల మందు పెట్టే అపార్ట్‌మెంట్లలో ఇంకా జాగ్రత్త, ఆ మందు తిన్న ఎలుకని తిన్నా ప్రమాదమే, రెండు మూడు రోజుల తర్వాత గానీ రక్తస్రావం మొదలవదు. గుంటూరు చుట్టుపక్కల పొలాల్లో, ఖాళీ స్థలాల పక్కన ఉండేవాళ్లు పాముల సంగతి మర్చిపోవద్దు. కన్నం కనిపిస్తే ముక్కు పెట్టకుండా ఉండదు ఇది. నాగుపామో రక్తపింజరో కాటేసిందని అనుమానమొస్తే కట్లు కట్టడం, కోయడం ఏవీ చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి.

వాన పడితే బయటికి వెళ్లనని మొరాయిస్తుంది, పొట్ట తడుస్తుందని. బాల్కనీలో ఒక ట్రేలో గడ్డి పెట్టి వానరోజులకి అక్కడ అలవాటు చేసేస్తే ఇంట్లో పొయ్యదు. వచ్చాక పొట్ట, కాలివేళ్ల మధ్య పొడిగా తుడవండి.

టీకాలు పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలదాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, రేబిస్ మూడు నెలలు నిండాక, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా. జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బులు) దినోత్సవం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. నట్టల మందు చిన్నప్పుడు రెండు వారాలకోసారి, పెద్దయ్యాక మూడు నెలలకోసారి.

చెవులు వారానికోసారి ఎత్తి వాసన చూడండి, వేలాడే చెవుల్లో గాలి ఆడదు కాబట్టి చీము పడుతుంది. నూనె పొయ్యొద్దు. గోళ్లు టైల్సు మీద టకటక చప్పుడు చేస్తుంటే పెరిగినట్టే, కత్తిరించేటప్పుడు రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్దితే ఆగుతుంది. పళ్లు తోమాలి, మన టూత్‌పేస్టు వాడకుండా. చిన్న కుక్కలకి గార త్వరగా పడుతుంది, డాష్‌హండ్‌కి మరీను.

బుర్రకి పని

ఇది ముక్కుతో బతికే కుక్క. రెండు పూటలా అరగంట చదునైన చోట నడక, అందులో సగం టైము దాన్ని వాసన చూడనివ్వండి, తాడు లాగుతూ నడిపిస్తే దానికి వాకింగే కాదు. నడక తగ్గిస్తే వెన్నుకి మంచిదనుకోవడం పొరపాటు, వీపు కండరాలే వెన్నుకి కాపలా. ఇంట్లో పాత తువ్వాలులో గింజలు వేసి చుట్టలా చుట్టి ఇవ్వండి, విప్పుకుంటూ పావుగంట గడుపుతుంది. తవ్వే పిచ్చికి పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి బొమ్మలు పాతిపెట్టండి, కుండీలు బతుకుతాయి. తాడులాట ఆడితే నేలకి దగ్గరగానే, పైకి ఎగరేలా ఆడించొద్దు.

అరుపుకి అరుపు సమాధానం కాదు, మనం కూడా దానితో అరుస్తున్నామనుకుంటుంది. బెల్ మోగితే దాని చాప మీదికి వెళ్లి కూర్చుంటే గింజ దొరుకుతుందని నేర్పండి, బెల్ మీరే నొక్కుతూ రోజుకి ఐదు నిమిషాలు. మొండిది గానీ మొద్దు కాదు. కొడితే మాత్రం మళ్లీ నమ్మదు. ఎక్కువసేపు ఒంటరిగా ఉండలేని జాతి, ఇద్దరూ ఆఫీసులకి వెళ్లి రాత్రికొచ్చే ఇల్లయితే ఇంకో ఆలోచన చెయ్యండి.

ఇంకా కొననివాళ్లకి

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లోనే ఉంది, నెలరోజుల పిల్లని చేతిలో పెడితే తీసుకోకండి. తల్లిని చూపించమనండి, వీలైతే తండ్రినీ. వాటికిగానీ, వాటి ముందు కాన్పు పిల్లలకిగానీ నడుం పడిపోయిందా అని నేరుగా అడగండి. అడగడానికి మొహమాటపడతాం, కానీ పిల్ల ఆరోగ్యం గురించి వాళ్లు చెప్పగలిగిన ముఖ్యమైన సంగతి అదే. ఒంటి మీద మచ్చమచ్చల రంగు, నీలి కన్ను ఉన్న పిల్లని రేటు ఎక్కువ చెప్పి "రేర్" అంటారు. తల్లిదండ్రులిద్దరికీ ఆ మచ్చల రంగే ఉంటే పిల్లలకి చూపు, వినికిడి లోపాలు వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ, అలాంటి జత పిల్లని ఎంత తక్కువకిచ్చినా కొనకండి. ఆపరేషన్ చేయించి పిల్లలు పుట్టకుండా చెయ్యాలనుకుంటే, ఈ జాతికి ఏడాది వయసు దాటేదాకా ఆగడం వెన్నుకి మంచిదని పరిశోధనలు సూచిస్తున్నాయి, ఎప్పుడు చేయించాలో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. పిల్లని ఇంటికి తెచ్చే వారం ముందే పట్టాలు పరిచి, ర్యాంపు చేయించి, బోను హాల్లో తలుపు తీసి పెట్టండి. బోనులోనే తిని, అందులోనే పడుకోవడం చిన్నప్పుడే అలవాటైన కుక్కకి, రేపెప్పుడైనా ఆరు వారాలు అందులో ఉండాల్సొచ్చినా అది జైలులా ఉండదు.